కష్టజీవి అని పొగిడేముందు...

మనవాళ్ళెవరైనా పోతే చెప్పటానికి మన దగ్గర ఒక వాక్యం ఎప్పుడూ రెడీగా ఉంటుంది. "పాపం చాలా కష్టజీవి అండీ, కుటుంబమే లోకంగా బతికాడు." మన ఊళ్ళో అయితే ఇది పెద్దకర్మ భోజనాల దగ్గర వినపడుతుంది. ఇక్కడైతే గోఫండ్‌మీ పేజీలో కనపడుతుంది. హార్డ్ వర్కింగ్, డివోటెడ్ ఫ్యామిలీ మ్యాన్, సోల్ బ్రెడ్ విన్నర్. పేరు, ఊరు, ఫోటో మారిస్తే చాలు, మిగతాదంతా అదే టెంప్లేటు. నేనీ దేశం వచ్చి పద్నాలుగేళ్ళు దాటింది. ఇలాంటి పేజీలు ఎన్ని చూశానో లెక్కలేదు. చూడటం, ఓ యాభయ్యో వందో వెయ్యటం, వాట్సాప్ గ్రూపులోకి తోసెయ్యటం, మళ్ళీ స్టాండప్ మీటింగుకి పరిగెత్తటం.

ఈ వాక్యమంటే నాకీ మధ్య ఒళ్ళు మండుతోంది. అందులో అబద్ధం ఉందని కాదు. నిజమే. ఆ నిజాన్ని ఓ పూలదండలాగా ఫోటోకి వేసేసి, ఇక దాని గురించి మాట్లాడాల్సిందేమీ లేదన్నట్టు చేతులు దులుపుకుంటామే, అక్కడ మంట.

2024 అక్టోబరులో మా 'అన్న' పోయాడు. డాలస్ చుట్టుపక్కల మా బ్యాచ్ మొత్తానికీ ఆయన అన్నే. పేరు రాయను, వదినకి ఇష్టం ఉండదు. వయసు 47. తెనాలి దగ్గర పల్లెటూరు, వాళ్ళ నాన్న కౌలు రైతు. ఎంసీఏ చేసి, హైదరాబాదులో కొన్నాళ్ళు మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసి, 2008లో హెచ్-1 మీద వచ్చాడు. కోబాల్, జేసీఎల్ అంటే ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు గానీ, మీ ఇన్సూరెన్సు క్లెయిము రాత్రికి రాత్రి ప్రాసెస్ అయ్యేది ఇలాంటి వాళ్ళ పుణ్యమే. నేను మాస్టర్స్ అయ్యి మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో పరిచయం. అపార్టుమెంటు లీజుకి కో-సైన్ చెయ్యటానికి ఎవరూ లేకపోతే "ఏరా తమ్ముడూ, నేను లేనా" అని వచ్చి సంతకం పెట్టిన మనిషి. అప్పటికి నేను ఆయనకి తెలిసి మూడు వారాలు.

ఆయన వారం ఎలా ఉండేదో చెప్తాను. సోమవారం తెల్లవారుజామున మూడున్నరకి లేచి ఎయిర్‌పోర్టుకి. క్లయింటు ఒహాయోలో. గురువారం రాత్రి పదకొండింటికి ఇంటికి. క్లయింటు దగ్గర పగలంతా పని, హోటలుకి వచ్చాక రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫ్‌షోర్ వాళ్ళతో కాల్, ఎందుకంటే హైదరాబాదులో అప్పుడు పొద్దున ఎనిమిది. అది పదకొండుకి అయిపోతే అదృష్టం. ప్రొడక్షన్‌లో బ్యాచ్ జాబు ఏదైనా అబెండ్ అయితే రెండింటికి ఫోను. శుక్రవారం ఇంట్లోంచి పని. శనివారం మాత్రం ఆయనది. పొద్దున్నే కూరగాయల మార్కెట్టు, మధ్యాహ్నం గుత్తివంకాయ ఆయనే స్వయంగా (మసాలా ఎవరినీ ముట్టుకోనివ్వడు), సాయంత్రం అమ్మాయిని లైబ్రరీకి తీసికెళ్ళటం. ఆ అమ్మాయికి తెలుగు చదవటం వచ్చిందంటే ఆ శనివారాల వల్లే. ఆదివారం మధ్యాహ్నం నుంచే మనిషి సగం సూట్‌కేసులో ఉండేవాడు.

పోవటానికి ముందు రెండు వారాలు ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని అంటూ వచ్చాడట. గ్యాస్ అనుకున్నాడు. "ఈ రిలీజ్ అయ్యాక చూపిస్తా" అన్నాడట వదినతో. రిలీజ్ శనివారం. ఆయన్ని హోటల్ వాళ్ళు తలుపు తీసి చూసింది మంగళవారం ఉదయం.

సంస్మరణ సభ గుడి పక్కన హాల్లో పెట్టాం. వచ్చినవాళ్ళంతా ప్రేమతోనే వచ్చారు, ప్రేమతోనే మాట్లాడారు, వాళ్ళనేమీ అనను. కానీ ఏం మాట్లాడారో వినండి. ఆయన పనిచేసిన కన్సల్టెన్సీ నుంచి ఒకాయన వచ్చి, ఇన్నేళ్ళలో ఈయన ఏ పనికీ 'నో' అనలేదన్నాడు. ఇంకొకాయన, జ్వరంతో కూడా లాగిన్ అయ్యేవాడన్నాడు. మరొకరు, కొడుకు పుట్టినరోజునాడు కూడా క్లయింట్ సైట్లోనే ఉండి వీడియో కాల్లో కేకు కోయించాడని, అదీ డెడికేషన్ అంటే అని చెప్పారు. హాల్లో అందరూ తలలూపారు. ముందు వరసలో ఆ పిల్లాడు కూచుని ఉన్నాడు.

నేను అడిగేది ఒకటే. జ్వరంతో లాగిన్ అవ్వటం సుగుణం ఎప్పటినుంచి అయ్యింది? 'నో' అని ఎందుకనలేదు? ఆయన నోట్లో ఆ మాట లేకనా? మా దగ్గర ఎన్నిసార్లు అనేవాడో నాకు తెలుసు. క్లయింటు దగ్గర అనకపోవటానికి కారణం ఉంది, ఆ కారణానికి ఒక గడువు కూడా ఉంది. ఉద్యోగం పోతే 60 రోజులు. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న రూలు అది, అంతకుముందు ఆ మాత్రం కూడా రాసిపెట్టి లేదు. ఆ 60 రోజుల్లోపల ఇంకొకడు హెచ్-1 ఫైల్ చేస్తే సరి, లేకపోతే పెళ్ళాం పిల్లలు, ఇంటి లోను, స్కూళ్ళు, కారు, అన్నీ సర్దుకుని బయల్దేరాలి (లేదా వేరే ఏదో స్టేటస్ కోసం అప్లికేషన్ పెట్టుకుని దేవుడికి దండం పెట్టుకోవాలి). మెడ మీద అది వేలాడుతుంటే ఎవడు మాత్రం 'నో' అంటాడు? భయానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు డెడికేషన్.

మరి ఆ భయం ఎన్నాళ్ళు? మామూలుగా అయితే గ్రీన్‌కార్డు వచ్చేదాకా. ఇండియాలో చదువుతున్నవాళ్ళకి ఈ లెక్క సరిగ్గా తెలియదు, కాబట్టి చెప్తాను. ఉద్యోగాల కోటా కింద ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఇది 1990 నాటి చట్టం పెట్టిన లెక్క. ఇందులోనే భార్యాపిల్లలు కూడా కలిసిపోతారు, అంటే నలుగురున్న కుటుంబానికి నాలుగు నంబర్లు ఖర్చు. ఆపైన ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని ఇంకో గీత. నూట నలభై కోట్ల ఇండియాకీ అదే 7, ఐస్‌లాండుకీ అదే 7. అన్న ఫైల్ చేసింది 2013 జూన్‌లో. ఈబీ-2. ఆయన పోయిన నెలలో ఇండియా వాళ్ళకి నడుస్తున్న తేదీ 2012 జులై 15. పదకొండేళ్ళు నిలబడ్డాక కూడా ఇంకా పదకొండు నెలల దూరం. పోనీ ఆ పదకొండు నెలలూ పదకొండు నెలల్లో గడుస్తాయా అంటే అదీ లేదు. 2025 వేసవిలో ఆ తేదీ 2013 జనవరి 1 దగ్గర చతికిలబడి కూచుంది.

పేజీలో 'సోల్ బ్రెడ్ విన్నర్' అని రాశారన్నాను కదా. ఆ ముక్క చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. వదిన ఎమ్మెస్సీ బీయీడీ. తెనాలిలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది, అప్పటికి ఆయన కంటే ఆవిడ ఉద్యోగమే నిలకడైనది. ఇక్కడికి హెచ్-4 మీద వచ్చాక ఏడేళ్ళు ఏ పనీ చెయ్యటానికి లేదు. చేస్తే చట్టవిరుద్ధం. 2015లో హెచ్-4 వాళ్ళలో కొందరికి వర్క్ పర్మిట్ ఇచ్చారు, అదీ భర్త గ్రీన్‌కార్డు పిటిషన్ ఒక దశ దాటితేనే. ఆ రూలు మీద అదే ఏడాది కేసు పడింది, ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. ఆవిడ ఓ డేకేర్‌లో చేరింది. మధ్యలో రెన్యువల్ రాక ఐదు నెలలు ఇంట్లో కూచుంది. భార్యని సంపాదించొద్దని చట్టమే చెప్తే భర్త 'సోల్' కాక ఇంకేమవుతాడు? ఆ మాటని ఆయన గొప్పతనం కింద రాస్తున్నాం మనం!

ఇప్పుడు అసలు సంగతి. హెచ్-4 అనేది హెచ్-1కి తోక. మనిషి పోతే హెచ్-1 పోతుంది, దాంతోపాటు తోకా పోతుంది. ఆయన పోయిన వారానికి మేం నలుగురం లాయర్ దగ్గర కూచున్నాం. ఆవిడ డేకేర్ ఉద్యోగం చెయ్యకూడదు, ఎందుకంటే ఆ పర్మిట్‌కి ఆధారం హెచ్-4. ఉండాలంటే ముందు బి-2కి మార్చుకోమని అప్లికేషన్ పెట్టండి అన్నాడు. బి-2 అంటే తెలుసుగా, మన అమ్మానాన్నలు ఆరు నెలలు చూసిపోవటానికి వచ్చే వీసా. పదహారేళ్ళు ఆ ఊళ్ళో కాపురం చేసి, టాక్సులు కట్టి, ఒక బిడ్డని అక్కడే కని, ఇల్లు కొనుక్కున్న మనిషి, మొగుడు పోయిన వారానికి, తన ఇంట్లో తను టూరిస్టునని కాగితం రాసివ్వాలి.

2009లో చట్టానికి ఒక సవరణ వచ్చింది. పిటిషన్ పెట్టుకున్న మనిషి పోయినా, అప్పటికి ఇక్కడే ఉంటున్న భార్యాపిల్లలకి ఆ పిటిషన్ పనికొస్తుందని చెప్పొచ్చు, అధికారికి సబబనిపిస్తే. మంచిదే. కానీ అది లైనులో చోటు మాత్రమే, ఇక్కడ ఉండే హక్కు కాదు. ఆ చోటు అక్కరకు రావాలంటే అందాకా ఏదో ఒక వీసా మీద వేలాడుతూ ఇక్కడే ఉండాలి. ఎలా ఉంటావో నీ ఇష్టం అన్నమాట.

ఇది మా అన్నకొక్కడికే జరిగింది కాదు. కూచిభొట్ల శ్రీనివాస్ సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత్‌లో, ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కూచున్న చోట, మా దేశంలోంచి పొండంటూ ఒకడు కాల్చి చంపాడు. శ్రీనివాస్ వయసు 32. గార్మిన్‌లో ఇంజనీరు. ఆ తరవాత మనం చదివినవన్నీ ఈ మాటలే: నెమ్మదస్తుడు, కష్టపడేవాడు, కుటుంబం అంటే ప్రాణం. అవన్నీ నిజమే. కానీ ఆయన భార్య దుమల సునయన అంత్యక్రియలకి హైదరాబాదు వెళ్తే, తిరిగి అమెరికా రావటానికి ఆమెకి హక్కు లేకుండా పోయింది. ఎందుకంటే ఆమె ఉండటమంతా ఆయన వీసా మీద. కెవిన్ యోడర్ అనే కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే తాత్కాలికంగా పని చేసుకునే అనుమతి దొరికి తిరిగి రాగలిగింది. ఆ యోడర్ ఆ తరవాత ఈ 7 శాతం గీత తీసేయాలనే బిల్లుని భుజానికెత్తుకున్నాడు, 2018 ఎన్నికల్లో ఓడిపోయాడు. అదే తరహా బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో పాసయ్యింది. 2020 డిసెంబరులో సెనేట్ తన రూపంలో ఇంకొకటి పాస్ చేసింది. రెండూ కలవలేదు, కాలం చెల్లిపోయింది. ప్రపంచమంతా చూసిన చావు కాబట్టి సునయనకి ఒక కాంగ్రెస్ సభ్యుడు దొరికాడు. హోటల్ గదిలో గుండె ఆగినవాడి భార్యకి ఎవరు దొరుకుతారు?

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. మా వీధిలోనే ఒక లైన్‌మన్ ఉండేవాడు. ఓ గాలివాన రాత్రి స్తంభం ఎక్కి, కరెంటు కొట్టి పోయాడు. ఆయనా కష్టజీవే. ఆయన భార్య పెద్దగా చదువుకోలేదు. కొన్ని నెలలు ఆఫీసుల చుట్టూ తిప్పారు, లంచాలు అడిగే ఉంటారు, ఇవేవీ కాదనను. కానీ చివరికి అదే ఆఫీసులో అటెండరుగా ఉద్యోగం ఇచ్చారు. కారుణ్య నియామకం అంటారు. ఫ్యామిలీ పెన్షను వచ్చింది. క్వార్టర్సులోంచి వెంటనే వెళ్ళగొట్టలేదు. ఆవిడ ఇద్దరు ఆడపిల్లల్ని చదివించి పెళ్ళిళ్ళు చేసింది. 'గవర్నమెంటోళ్ళు, పనిచెయ్యరు' అని మనం వెక్కిరించే ఆ వ్యవస్థ, మనిషి పోయినరోజున వాడి భార్య చేతిలో ఒక కాగితం పెట్టింది. అన్న పోయిన నాలుగో రోజున వదినకి వచ్చిన కాగితం ఏమిటో తెలుసా? లాప్‌టాప్ తిరిగి పంపించటానికి షిప్పింగ్ లేబుల్.

(ఆ కన్సల్టెన్సీ ఆయన బిల్లింగ్ రేటులో నూటికి ఇరవై ఏళ్ళ తరబడి తీసుకుంది. లైఫ్ ఇన్సూరెన్సు లేదు. వాళ్ళు చేసింది చట్టప్రకారం తప్పు కాదట. సరే.)

"ఎవడు రమ్మన్నాడు? ఇష్టపడేగా వెళ్ళారు, డాలర్లు చేదా?" అని అడిగేవాళ్ళుంటారు. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ మా బాబాయి అడుగుతాడు. నిజమే, ఇష్టపడే వచ్చాం, ఎవరూ బేడీలు వేసి తీసుకురాలేదు. ఆ డాలర్లతోనే అన్న చెల్లెలి పెళ్ళి చేశాడు, వాళ్ళ నాన్నకి బైపాస్ చేయించాడు, కౌలుకి చేసిన పొలంలోనే ఎకరంన్నర కొనిచ్చాడు. ఇష్టపడి ఎక్కిన బస్సయినా బ్రేకులు లేకపోతే అడగకూడదా? అలాగే "తిరిగొచ్చెయ్యొచ్చుగా" అంటారు. మూడేళ్ళప్పుడు వచ్చిన పిల్లాడికి ఇప్పుడు పందొమ్మిది. వాడికి 21 నిండితే హెచ్-4 ఎలాగూ పోయేది, వాడి కోసమే ఇంకొక్క రెండేళ్ళు, ఇంకొక్క ఏడాది అని ఈయన ఆగాడు. ప్రతి నెలా వీసా బులెటిన్ రాగానే మా గ్రూపులో మొదటి మెసేజి ఆయనదే ఉండేది.

ఇంకో రకం ఉన్నారు, వాళ్ళంటే నాకు ఇంకా మంట. పని గంటల్ని దేశభక్తి కింద అమ్మేవాళ్ళు. 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు 90 గంటలన్నారు, ఆదివారం ఇంట్లో కూచుని భార్య మొహం ఎంతసేపు చూస్తారన్నట్టు మాట్లాడారు. అయ్యా, శనివారం ఒక్కరోజు చూడటానికే మావాడికి తీరలేదు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచెయ్యటం వల్ల పక్షవాతం, గుండెజబ్బులతో 2016 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద 7,45,000 మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కగట్టాయి. పైగా మన దక్షిణాసియా వాళ్ళ గుండెలకి ముప్పు ఎక్కువని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లోనే ఒక పెద్ద ప్రకటన రాసింది. సంస్మరణ సభలో 'డెడికేషన్' అన్నాయన ఈ రెంటిలో ఏదీ చదివి ఉండడు. చదివినా పిల్లాడి ముందు అదే అనేవాడేమో.

మన సంఘాల గురించీ ఒక మాట. పార్థివదేహాన్ని ఇంటికి పంపటంలో తానా వాళ్ళ టీమ్ స్క్వేర్ లాంటివి చేసే సాయానికి చేతులెత్తి దండం పెడతాను. మెడికల్ ఎగ్జామినర్ దగ్గర్నుంచి విడిపించటం, ఎంబామింగ్ సర్టిఫికెట్, కాన్సులేట్ కాగితాలు, కార్గో బుకింగు, ఇదంతా అర్ధరాత్రి ఫోన్లు చేసి నడిపించేవాళ్ళు దేవుళ్ళే. కానీ మనం మనిషి పోయాక ఇంత బాగా పనిచేస్తున్నామంటే, అలవాటైపోయిందనేగా? మహాసభలకి హీరోయిన్ని రప్పించటానికి ఉన్న శ్రద్ధలో పదోవంతు, ఒక్క డిమాండ్ మీద పెట్టగలమా? ఫైల్ చేసిన మనిషి పోతే, భార్యాపిల్లలు ఆ లైను కదిలేదాకా పని చేసుకుంటూ ఇక్కడే ఉండొచ్చని ఒక్క నిబంధన. కోటా పెంచమనటం లేదు, ఎవరి ముందూ దూరటం లేదు. సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యటం హెచ్-1 వాళ్ళకి కూడా నేరం కాదు. సిటిజన్లు అయిపోయి ఓట్లున్న అన్నయ్యలూ అక్కయ్యలూ, మీరు చేస్తే ఇంకా మంచిది.

ఈలోపల మగమహారాజులు ఒక పని చెయ్యండి. కంపెనీ ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్సు సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది, గంటల లెక్కన పనిచేసే మనలాంటి వాళ్ళలో చాలామందికి అదీ ఉండదు. సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి. బ్యాంకు ఖాతాలో భార్య పేరుందో లేదో చూడండి. పిటిషన్ అప్రూవల్ కాగితం కాపీ మీ మేనేజర్ దగ్గర కాదు, మీ ఇంట్లో ఉండాలి. వదినకి ఆ కాపీ కోసం మూడు వారాలు పట్టింది. సోషల్ సెక్యూరిటీలో సర్వైవర్ బెనిఫిట్ అని ఒకటుంది, ఇక్కడ పుట్టిన వాళ్ళ అమ్మాయికి అది మాత్రం సజావుగానే వస్తోంది, ఒప్పుకోవాలి.

పోయినవాడి మీద ఈ గొడవంతా ఎందుకని మా ఫ్రెండు ఒకడు అన్నాడు. అన్నని తక్కువ చేస్తున్నట్టుందట. అన్నకి గుత్తివంకాయ ఎలా చెయ్యాలో తెలుసు, ఎన్టీఆర్ సినిమాల్లో డైలాగులన్నీ తెలుసు, ముక్కూమొహం తెలియని కుర్రాడి లీజు మీద సంతకం పెట్టటం తెలుసు. సభలో ఇవెవరూ చెప్పలేదు. ఆయన బ్యాచ్ జాబులే చెప్పారు. తక్కువ చేసిందెవరు?

పిల్లాడు కాలేజీ ద్వారా ఎఫ్-1కి మారాడు. వదిన కూడా, 43 ఏళ్ళ వయసులో, ఒక యూనివర్సిటీలో మాస్టర్స్‌లో చేరి ఎఫ్-1కి పెట్టుకుంది. ఆ అప్రూవల్ వచ్చేసరికి ఇన్సూరెన్సు కాదుగదా, గోఫండ్‌మీ డబ్బుల్లో మూడోవంతు ఫీజు కింద వెళ్ళిపోయింది. ఈ సెమిస్టర్ డేటాబేసులు. రాత్రి తొమ్మిదిన్నరకి, అమ్మాయి పడుకున్నాక, హోంవర్కులో డౌట్లు నాకు ఫోటో తీసి పంపిస్తుంది. నిన్న అడిగింది జాయిన్ల గురించి.